నిఘంటువుల సంచితో నెల్లూరు తీరం

ప్రయాణం పోయేవాళ్ళు గొడుగు, మంచినీళ్ళ సీసా, చిరుతిండి మూట వెంట తీసుకుపోతారు. మొన్న చలికాలంలో మేము నెల్లూరు సముద్రతీరం చూడబోయినప్పుడు వీటితోపాటు ఇంకొక బరువు కూడా మోశాం. అది నిఘంటువుల సంచి. అందులో నాలుగు పుస్తకాలున్నవి. ఒకటి చిన్నపిల్లల బొమ్మల నిఘంటువు. రెండవది బడిపిల్లల తెలుగు నిఘంటువు. మూడవది అరచేతిలో పట్టే ఇంగ్లీషు నిఘంటువు. నాలుగవది బ్రౌన్ దొర రాసిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు. సంచి బరువులో మూడువంతులు దానిదే.

ఇన్ని ఎందుకని మీరడగవచ్చు. మా అన్నయ్య పిల్లలిద్దరిలో చిన్నదానికి ఆరేళ్ళు. ఇప్పుడిప్పుడే కూడబలుక్కుని చదువుతున్నది. దాని అన్నకు పదకొండేళ్ళు. కనబడిన ప్రతి మాటకూ, "అంటే ఏమిటి, బాబాయ్?" అంటాడు. చెన్నై నుంచి వచ్చిన మా అక్కయ్య కూతురికి పద్నాలుగేళ్ళు. ఆ అమ్మాయి ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది గాని బడిలో చదివేది తమిళమూ, ఇంగ్లీషూ. తెలుగు అక్షరాలు ఈమధ్యనే నేర్చుకున్నది. ఈ ముగ్గురికీ ఒకే నిఘంటువు కొనిపెట్టటమంటే, ముగ్గురికీ ఒకే కొలతతో చొక్కాలు కుట్టించినట్టే.

నెల్లూరు నుంచి మైపాడు ఇరవై కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. దారి పొడుగునా వరిపొలాలే. మొలగొలుకులనే సన్నబియ్యానికి ఈ సీమ పేరుపొందింది. తమిళంలో 'నెల్' అంటే వడ్లు. నెల్లూరు పేరు అందులోంచే వచ్చిందని కొందరంటారు. 'నెల్లి', అంటే ఉసిరిచెట్టు, అందులోంచి వచ్చిందని మరికొందరంటారు. ఇక్కడివాళ్ళు వరిమడిని 'కయ్య' అంటారు. ఈ మాట వినగానే మావాడు, "కయ్యం సంగతి విన్నాను గాని, కయ్య ఏమిటి?" అని నవ్వాడు.

బస్సు ఒకచోట ఆగినప్పుడు గట్టు మీద పెద్ద పెద్ద బొరియలు కనిపించాయి. పక్కన కూర్చున్న రైతును చిన్నది అడిగింది, "తాతా, ఇవి ఎవరి ఇళ్ళు?" అని.

"పందికొక్కులవమ్మా," అన్నాడు ఆయన. "కయ్యలో గింజంతా అవే దోచుకుపోతుండాయి."

పందికొక్కును ఇంగ్లీషులో 'బాండికూట్' అంటారని చెన్నై పిల్లకు తెలుసు. చేతిలోని ఇంగ్లీషు నిఘంటువు తీసి చూసింది. "మామయ్యా, ఇది ఆస్ట్రేలియాలో ఉండే జంతువట! కంగారూలాగా దానికీ పొట్టదగ్గర సంచి ఉంటుందట!" అన్నది. రైతు ఆశ్చర్యపోయాడు. ఆయన పొలంలో దొంగతనం చేసేది ఆస్ట్రేలియా నుంచి వచ్చిందని ఎవరైనా చెబితే ఆశ్చర్యపడక ఏం చేస్తాడు?

పుస్తకం అబద్ధమాడలేదు. తెలుగువాళ్ళ 'పందికొక్కు' ఇంగ్లీషువాళ్ళ నోట 'బాండికూట్' అయింది. తరవాత తెల్లవాళ్ళు ఆస్ట్రేలియా చేరి, అక్కడ ఇంచుమించు అలాగే కనబడే వేరొక జంతువుకు అదే పేరు పెట్టారు. దానికీ మన పందికొక్కుకూ చుట్టరికం ఏమీ లేదు. చిన్న ఇంగ్లీషు నిఘంటువులో చోటు తక్కువ గనక అది రెండవ జంతువును మాత్రమే చెప్పి ఊరుకున్నది. పెద్ద ఇంగ్లీషు నిఘంటువులో రెండూ ఉంటాయి, మాట తెలుగులోంచి వచ్చిందని కూడా ఉంటుంది. కాబట్టి నిఘంటువు కొనేముందు అది ఏ దేశపు పిల్లల కోసం తయారైందో మొదటి పేజీల్లో చూడటం మంచిది.

మైపాడులో దిగేసరికి ఎండ చురుక్కుమంటున్నది. ఇసుక మీద ఎర్రని చిన్న చిన్న జీవాలు పక్కవాటుగా పరుగెత్తి కన్నాల్లో దూరుతున్నవి. చిన్నది తన బొమ్మల నిఘంటువు తెరిచి, బొమ్మతో పోల్చి చూసుకుని, "పీత! పీత!" అని గెంతింది.

వల బాగుచేసుకుంటున్న ముసలి జాలరి తలెత్తి, "ఏంది పాపా, ఎండ్రకాయను పట్టుకొని పీతంటుండావే!" అన్నాడు.

చిన్నదాని ముఖం చిన్నబోయింది. "బాబాయ్, పుస్తకం తప్పా, తాత తప్పా?" అని అడిగింది.

ఇద్దరిదీ ఒప్పే. కృష్ణా, గోదావరి వైపు పీత అంటారు. నెల్లూరు, రాయలసీమల్లో ఎండ్రకాయ అంటారు. సంస్కృతంలో కర్కటకం. ఆరేళ్ళ పిల్ల పుస్తకంలో ఒక బొమ్మకు ఒక పేరే ఉంటుంది. ఉండవలసింది కూడా అంతే. ఆ వయసులో నిఘంటువు చేసే పని, కంటికి కనబడిన వస్తువుకూ, కాగితం మీది అక్షరాలకూ ముడివేయటం. ఈ ఉపాయం కనిపెట్టినవాడు కొమీనియస్ అనే ఉపాధ్యాయుడు. 1658లో ఆయన అచ్చు వేయించిన బొమ్మల పుస్తకంలో లోకంలోని వస్తువులన్నీ బొమ్మలుగా ఉండి, వాటి పేర్లు లాటిన్, జర్మన్ భాషల్లో పక్కపక్కన ఉండేవి. ఆరేళ్ళ పిల్లకు వెయ్యి పేజీల నిఘంటువు కొనిచ్చి, "పెద్దయితే పనికివస్తుందిలే" అనే తల్లిదండ్రులు ఉన్నారు. అది పెద్దయ్యేలోగా ఆ పుస్తకం పీటగా పనికివస్తుంది.

కాని మావాడు అక్కడితో వదలలేదు. "మరి మా క్లాసులో ఒకడు వ్యాసంలో ఎండ్రకాయ అని రాస్తే ఎర్రసిరాతో కొట్టేశారే?" అన్నాడు. అప్పుడు బ్రౌన్ నిఘంటువు తీశాం. 1852లో అచ్చయిన నిఘంటువు అది. అందులో ఎండ్రి, ఎండ్రకాయ దొరికినవి. నూటడెబ్బయి ఏళ్ళకు పైగా పుస్తకంలో ఉన్న మాట తప్పెలా అవుతుంది? బడిపిల్లల చిన్న నిఘంటువులో కొన్ని వేల మాటలే పడతాయి. ఏవి ఉంచాలో, ఏవి వదలాలో ఎవరో ఒకరు కూర్చుని నిర్ణయిస్తారు. వాళ్ళు పుట్టిన ఊరి మాటలు ముందు ఎక్కుతాయి. చిన్న నిఘంటువులో ఒక మాట లేకపోతే, ఆ పుస్తకం చిన్నదని అర్థం. అంతకుమించి ఏమీ లేదు. ఈ సంగతి తెలియక తీరం పిల్లలు ఎందరో తమ ఇంటి మాటలు బడి గుమ్మం బయటనే వదిలిపెట్టి లోపలికి పోతున్నారు. ఇది నాకు బాధగా తోస్తుంది.

జాలరి తాత మాటల మధ్య 'ఉప్పెన' అన్నాడు. మావాడు బడి నిఘంటువు చూశాడు. 'జలప్రళయం' అని ఉన్నది. జలప్రళయం అంటే ఏమిటో చూశాడు. 'ఉప్పెన' అని ఉన్నది! ఇలాంటి పుస్తకాలు చాలా ఉన్నవి, పిల్లలూ. ఒక మాటను తీసుకుపోయి ఇంకొక మాట ఇంట్లో దిగబెడతాయి. అది మళ్ళీ దాన్ని మొదటి ఇంటికే పంపుతుంది.

తీరంలో ఉండేవాడికి ఈ మాట సరిగ్గా తెలియటం ప్రాణంతో పని. ఉప్పెన తుఫానుతో వస్తుంది. తుఫాను గాలి సముద్రపు నీటిని ఒడ్డుకు నెట్టి, నెట్టి, గోడలాగా లేపి ఊళ్ళ మీదికి తోస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినది అలాంటి ఉప్పెనే. దానికి ముందు గాలి, వాన, మబ్బు ఉంటాయి. వాతావరణశాఖవారు ముందుగా హెచ్చరిస్తారు. 'సునామీ' వేరు. సముద్రం అడుగున భూమి కంపించి, నీరు కదిలి వస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉన్నా రావచ్చు. కొన్నిసార్లు సముద్రం ముందు వెనక్కి తగ్గి, ఆ తరవాత విరుచుకుపడుతుంది. అలా నీరు తగ్గటం చూస్తే, గవ్వలు ఏరుకోవటానికి పోకుండా మెరకకు పరుగెత్తాలి. సునామీ జపాను మాట. 'త్సు' అంటే రేవు, 'నామి' అంటే అల. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర భూకంపం వచ్చి, ఆ అలలు ఈ తీరాన్ని కూడా తాకిన తరవాత ఈ మాట మన ఇళ్ళల్లోకి వచ్చింది. 2007 నుంచి హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తున్నది. బ్రౌన్ నిఘంటువులో సునామీ కోసం వెతికితే దొరకదు. నిఘంటువుకు కూడా పుట్టిన సంవత్సరం ఉంటుంది, దాని తరవాతి లోకం దానికి తెలియదు.

ఎనిమిది మొదలు పన్నెండేళ్ళ లోపు పిల్లలకు నిఘంటువు కొనేవాళ్ళకు నేను చెప్పే పరీక్ష ఒక్కటే. అంగట్లో పుస్తకం తీసి 'ఉప్పెన' చూడండి. అర్థంగా ఇచ్చిన మాటలు ఉప్పెన కంటే తేలికగా ఉంటే కొనండి. లేకపోతే తిరిగి బల్ల మీద పెట్టండి. ఈ సూత్రాన్ని పట్టుదలగా పాటించినవాడు మైకేల్ వెస్ట్. ఆయన ఢాకాలో ఇంగ్లీషు చెప్పిన ఉపాధ్యాయుడు. బెంగాలీ పిల్లల అవస్థ చూసి, 1935లో ఒక ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు. అందులో ఇరవైనాలుగు వేల అంశాలకు అర్థాలు చెప్పటానికి ఆయన వాడిన మాటలు 1,490 మాత్రమే. ఆ 1,490 వచ్చినవాడికి మిగిలినవన్నీ తలుపు తీసినట్టే. మన తెలుగులో అలాంటి లెక్కతో తయారైన పిల్లల నిఘంటువు నా కంటబడలేదు. పెద్దలెవరైనా పూనుకుంటే బాగుండును.

ఒడ్డున ఫైబరు పడవలు బారులుగా ఉన్నవి. పూర్వం వీటి చోట తేలిక కొయ్యదుంగలు తాళ్ళతో కట్టిన తెప్పలుండేవి. తమిళంలో వాటిని 'కట్టుమరం' అంటారు, అంటే కట్టిన కొయ్య. ఇంగ్లీషులోని 'కాటమరాన్' ఇదే. అయితే ఇప్పుడు దొరలు ఆ పేరుతో పిలిచేది జంట పొట్టలున్న షోకు ఓడను. ఈ సంగతి చెన్నై పిల్లే మాకు చెప్పింది.

ఆ అమ్మాయికి మాత్రం బ్రౌన్ నిఘంటువుతో పేచీ వచ్చింది. జాలరి తాత, "రేపు గూడా వస్తారా?" అని అడిగాడు. ఆమె 'వస్తారా' కోసం వెతికింది. లేదు. 'వస్త' ఉన్నది గాని దాని అర్థం వేరు. తెలుగు నిఘంటువుల్లో ఈ మాట 'వచ్చు' దగ్గర దొరుకుతుంది. 'చేశాడు' కావాలంటే 'చేయు' చూడాలి. 'గుర్రాన్ని' కావాలంటే, పాత పుస్తకాల్లో, 'గుర్రము' చూడాలి. 'క్షేమం' కావాలంటే 'క' దగ్గరికే పోవాలి, ఎందుకంటే క్ష అంటే కకారం కింద షకారమే గదా! ఇంట్లో తెలుగు పుట్టి పెరిగినవాడికి ఇదంతా తెలియకుండానే తెలుస్తుంది. బయటనుంచి నేర్చుకునేవాడికి ఎవరో ఒకరు చెప్పాలి. అందుకని భాష నేర్చుకునేవాళ్ళ నిఘంటువు, ఆ భాష వచ్చినవాళ్ళ నిఘంటువు ఒకటి కావు. నేర్చుకునేవాడికి అర్థం ఒక్కటే చాలదు. మాటను వాక్యంలో ఎలా పెట్టాలో కూడా కావాలి. హార్న్‌బీ అనే ఆయన జపానులో ఇంగ్లీషు చెబుతూ, అలాంటి నిఘంటువును 1942లో టోకియోలో ప్రచురించాడు. 1948లో ఆక్స్‌ఫర్డువారు దాన్ని మళ్ళీ అచ్చువేశారు. ఈనాటికీ దాని కొత్త కూర్పులు వస్తున్నవి.

చెన్నై పిల్లకు నేను చెప్పింది 1991లో వచ్చిన గ్విన్ గారి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు. ఈ కాలపు తెలుగు, నోటి మాట, అందులో బాగా ఉంటుంది. బ్రౌన్‌ను పూర్తిగా మానుకోమని అనలేదు. పాత పుస్తకాలు చదివేటప్పుడు ఆయన కావాలి. పైగా ఆయన కూడా తెలుగు నేర్చుకున్నవాడే. 1817లో మద్రాసు చేరి, 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చి, తెలుగు చదవటానికి తగిన పుస్తకాలు దొరక్క, పండితులకు జీతాలిచ్చి పెట్టుకుని తానే తయారుచేశాడు. ఆయన ఉత్తరాలూ, కాగితాలూ వెతికి వెలికితీసి మనకు అందించినవాడు నెల్లూరు జిల్లా మినగల్లు బిడ్డ బండి గోపాలరెడ్డి. బంగోరె అంటే సాహిత్యలోకంలో అందరికీ తెలుసు.

మరునాడు కృష్ణపట్నం. కొత్త రేవు 2008లో మొదలైంది. ఈ తీరాన కృష్ణపట్నం, దుగరాజపట్నం, రామాయపట్నం, కొత్తపట్నం అని వరసగా ఇన్ని పట్నాలెందుకు? చిన్న నిఘంటువు చూస్తే పట్నం అంటే పెద్ద ఊరు. కొత్తపట్నం చూస్తే అంత పెద్ద ఊరు కాదు. చెన్నై పిల్ల, తమిళంలో పట్టణం అంటే నగరమనీ, పట్టినం అంటే సముద్రపు ఒడ్డున ఉన్న రేవు ఊరనీ చెప్పింది. దాంతో చిక్కు విడిపోయింది. రేవులో లంగరు, సరంగు అనే మాటలు విన్నాం. రెండూ పారశీకం నుంచి వచ్చినవి. ఇలా పరదేశాల నుంచి వచ్చి కచేరీల్లో, రేవుల్లో స్థిరపడ్డ మాటల కోసం బ్రౌన్ విడిగా ఒక మిశ్రభాషా నిఘంటువే రాశాడు, 1854లో.

అక్కడినుంచి దక్షిణంగా నేలపట్టు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఈ సూళ్ళూరుపేట ప్రాంతం తిరుపతి జిల్లాలో చేరింది గాని, మాట యాస ఇంకా నెల్లూరిదే. నేలపట్టు చెరువులో నీటి మధ్య చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టుకుంటాయి. ముక్కు కింద పెద్ద తోలుసంచి. నీళ్ళు తోడే గూడ మీరు చూసి ఉంటే, పక్షిని చూడగానే పేరు గుర్తుకువస్తుంది. చూడనివాళ్ళకు బొమ్మ కావాలి. 'నీటిపక్షి విశేషము' అని రాసి ఊరుకుంటే ఏం లాభం? మావాడి బడి నిఘంటువు అలాగే రాసింది. 'చెట్టు విశేషము', 'చేప విశేషము' అని రాసే పుస్తకాలను చూస్తే నాకు కోపం వస్తుంది.

1840లలో నెల్లూరులో జెర్డన్ అనే డాక్టరు ఉండేవాడు. రోగులను చూడగా మిగిలిన కాలంలో పక్షులను చూసేవాడు. ఏ పక్షి ఎక్కడ ఉంటుందో, ఏం తింటుందో ఇక్కడి యానాదులను అడిగి తెలుసుకునేవాడు. యానాదులకు అడవీ, చెరువూ అరచేతిలో గీతలంత బాగా తెలుసు. 1862-64లో జెర్డన్ భారతదేశపు పక్షుల మీద పెద్ద గ్రంథం అచ్చువేసినప్పుడు, పక్షుల తెలుగు పేర్లు కూడా అందులో రాశాడు. అది నిఘంటువు కాదు. అయినా పక్షుల పేర్లకు చాలా నిఘంటువుల కంటే అదే నయం. అలాగే వృత్తుల మాటలకు భద్రిరాజు కృష్ణమూర్తిగారి పదకోశాలు వేరే ఉన్నవి. 1962లో వ్యవసాయం మాటలు, 1971లో చేనేత మాటలు వచ్చినవి. ఇవి బల్ల దగ్గర కూర్చుని రాసినవి కావు. జిల్లా జిల్లాకూ పోయి, రైతులనూ, సాలెలనూ అడిగి, ఏ మాట ఏ వైపు వాడతారో రాసుకున్నవి.

చివరకు పులికాట్ సరస్సు. దీన్నే ప్రళయకావేరి అని కూడా అంటారు. ఉప్పునీటి కయ్యల్లో చిలికాను మినహాయిస్తే మన దేశంలో ఇదే పెద్దది. చలికాలం గనక ఫ్లెమింగోలు వేలకు వేలు దిగి ఉన్నవి. మీగాళ్ళ మీద నడుస్తున్న గులాబిరంగు మబ్బులాగా ఉంది. నాచులోనూ, చిన్న చిన్న రొయ్యల్లోనూ ఉండే రంగే వాటి ఈకల్లోకి చేరుతుందట. వీటిని కొన్ని నిఘంటువులు రాజహంసలంటాయి. కాని పాత సంస్కృత కోశాల ప్రకారం రాజహంస అంటే ముక్కు, కాళ్ళు ఎర్రగా ఉండే తెల్ల హంస. రెండూ ఒకటేనా అన్నది మాట ఒక్కటీ చూస్తే తేలదు. అందుకే శాస్త్రజ్ఞులు ఫీనికాప్టెరస్ రోసియస్ అనే పేరు పెట్టుకున్నారు. ఏ దేశంవాడు చెప్పినా అదే పక్షి.

సరస్సుకు అవతల శ్రీహరికోట. 1971 నుంచి అక్కడ రాకెట్లు లేస్తున్నవి. 1980లో మన దేశపు రాకెట్టు అక్కడినుంచే మొదటిసారి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. బ్రౌన్ కాలంలో రాకెట్టు అంటే పండుగనాటి తారాజువ్వే.

పడవ తోసే అతను పులికాట్‌లో దొరికే జలచరాల పేర్లు చెబుతూ, నడుమ 'నండు' అన్నాడు. చెన్నై పిల్ల సంతోషంతో లేచి నిలబడింది, పడవ ఊగింది. "మామయ్యా, మా తమిళంలో ఎండ్రకాయను అలాగే అంటారు!" అన్నది. ఈ సరస్సులో ఎక్కువ భాగం తెలుగుది, కొంత తమిళానిది. మాటలు ఇటూ అటూ ఈదుతుంటాయి. అయితే నండు ఇక్కడికి తమిళం నుంచి వచ్చిందా, మన ఎండ్రకాయ సంగతేమిటి? మా సంచిలోని నాలుగు పుస్తకాల్లో ఒక్కటీ దీనికి జవాబు చెప్పలేదు.

నెల్లూరు తిరిగి వచ్చాక ఒక స్నేహితుడి ఇంట్లో బరో, ఎమెనో అనే ఇద్దరు పండితులు కూర్చిన ద్రావిడ భాషల నిఘంటువు చూశాం. 1961లో మొదటి కూర్పు, 1984లో రెండవది. అందులో మాటలు భాషల వారీగా కాక కుటుంబాల వారీగా ఉంటాయి. మావాడు వెనక ఉన్న పట్టికలో పట్టుకుని పేజీ తీశాడు. తమిళం నండు, దాని పాత రూపం ఞెండు, మలయాళం ఞండు, తెలుగు ఎండ్రి, ఎండ్రకాయ, అన్నీ ఒకే అంకె కింద ఒకే ఇంటి పిల్లల్లాగా కూర్చుని ఉన్నవి.